అడగకూడని దారి

గొలుసు కొత్తది. తాళం ఇంకా కొత్తది. పట్టుకుంటే గ్లిన్ వేళ్ళకి ఫ్యాక్టరీ నూనె అంటుకుంది.

ఏప్రిల్ మొదటి శనివారం అది. బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన కుర్రాళ్ళ గుంపు ఒకటి పొద్దున్నే మా షాపు ముందు నుంచి ఈలలు వేసుకుంటూ కొండవైపు పోయింది. నేను టీ నీళ్ళు పొయ్యి మీద పెట్టాను, అవి మరిగేలోపే వాళ్ళు తిరిగి వచ్చేశారు. బురద మోకాళ్ళ దాకా ఉంది, కోపం నెత్తి దాకా ఉంది. లాంగ్ హోలో గేటు మూసేశారని చెప్పారు. మా ఆయన గ్లిన్ చేతిలో ఉన్న చక్రాన్ని బల్ల మీద పడేసి బయటికి నడిచాడు. నేనూ వెనకాలే వెళ్ళాను.

మాది ష్రాప్‌షైర్ కొండల కింద పల్లె. ఊరి చివర మూతపడ్డ ప్రార్థనా మందిరమే మా షాపు. ఒక పక్క గ్లిన్ సైకిళ్ళు బాగుచేస్తాడు. ఇంకో పక్క నేను టీ, వెన్న రాసుకుని తినే స్కోన్లనే చిన్న బన్నులు అమ్ముతాను. వెన్నలో అప్పుడప్పుడు గ్రీజు వాసన వస్తుందని గిట్టనివాళ్ళు అంటారు. అన్నవాళ్ళే మళ్ళీ వస్తారు.

వాళ్ళు వచ్చేది నా స్కోన్ల కోసం కాదని నాకు తెలుసు. సర్వే పటం తీసి చూస్తే విషయం తెలిసిపోతుంది. గుర్రాలకీ సైకిళ్ళకీ హక్కున్న బాటలు అందులో ముక్కలు ముక్కలుగా గీసిన పచ్చ గీతలు. మా లోయలోంచి ఒక పచ్చ గీత కొండ అడుగుదాకా వచ్చి టక్కున ఆగిపోతుంది. కొండ నెత్తిన ఇంకొకటి మొదలై, పచ్చిక దిబ్బల మీదుగా లేస్తూ పడుతూ వేల్స్ సరిహద్దు దాకా పోతుంది. మధ్యలో ముక్క పటంలో లేదు. నేల మీద మాత్రం ఉంది. ఇరుపక్కలా మనిషెత్తు గట్లు, పైన కమ్ముకున్న హేజెల్ కొమ్మలు, కింద రాళ్ళూ వేళ్ళూ. ఎక్కేటప్పుడు ఊపిరి పోతుంది, దిగేటప్పుడు ప్రాణం లేచొస్తుంది. అదే లాంగ్ హోలో.

అది లేకపోతే కొండెక్కడానికి మిగిలేది క్వారీ లారీల రోడ్డు ఒక్కటే. ఆ రోడ్డు మీద సైకిలు తొక్కడానికి బర్మింగ్‌హామ్ నుంచి ఎవరూ రారు. వాళ్ళు ఇంకో లోయ చూసుకుంటారు. మేం షాపు మూసుకుంటాం. టెల్ఫర్డ్‌లో గోడౌన్ ఉద్యోగం ఉందని గ్లిన్ బాబాయి కొడుకు ఎప్పటినుంచో చెబుతున్నాడు. ఆ మాట మేమిద్దరం పైకి అనలేదు. అనకపోయినా, ఆ రోజు నుంచి అది మా వంటింటి బల్ల దగ్గర ఒక కుర్చీ వేసుకుని కూర్చుంది.

తాళం వేసినాయన పేరు కాల్వర్ట్. ఆ పొలం అంతకుముందు జాక్ ప్రీస్‌ది. జాక్ పోయాక వారసులు అమ్మేశారు, లండన్‌లో ఉండే కాల్వర్ట్ కొన్నాడు. ఫెజెంట్ కోళ్ళని పెంచి, చలికాలంలో స్నేహితులతో వేటాడతాడు. చెడ్డవాడు కాదు. తనే షాపుకి వచ్చి, సైకిళ్ళ చప్పుడుకి కోళ్ళు బెదురుతున్నాయని నెమ్మదిగా చెప్పాడు. రెండు స్కోన్లు తిన్నాడు, బాగున్నాయన్నాడు. తాళం మాత్రం తీయనన్నాడు.

వారం తిరక్కుండానే గ్లిన్ చట్టం తెలుసుకొచ్చాడు. జనం ఒక దారిని ఇరవై ఏళ్ళు ఎడతెగకుండా వాడితే అది అందరి దారి అయిపోతుంది. భూమి ఎవరిదైనా సరే. మూడే షరతులు. బలవంతం ఉండకూడదు, దొంగచాటు ఉండకూడదు, అనుమతి ఉండకూడదు.

మూడోది విని నేను నవ్వాను. అనుమతి ఉంటే ఇంకా మంచిదే కదా అన్నాను.

గ్లిన్ నవ్వలేదు. "అనుమతి ఉంటే అది ఆయన దయ అవుతుంది టెస్సా, మన హక్కు అవదు. దయ చూపించినవాడు ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు."

ఇరవై ఏళ్ళు కాదు, యాభై ఏళ్ళకి సాక్షి మా ఇంట్లోనే ఉన్నాడు. మా మామగారు నార్మన్ బెబ్. ఆ చుట్టుపక్కల ఊళ్ళకి ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మాన్. మౌంటెన్ బైక్ అన్న మాట మా లోయకి రాకముందే, ఆదివారం ఆదివారం ఒక గుంపుని వెంటేసుకుని లాంగ్ హోలో ఎక్కినవాడు. ఈ ప్రాంతంలో సైకిలు తొక్కే ప్రతివాడూ ఆయన వెనక చక్రం చూస్తూ నేర్చుకున్నవాడే. ఇప్పుడు మోకాళ్ళు అరిగి బ్యాటరీ సైకిలు ఎక్కుతున్నాడు. ఆ బ్యాటరీకి ఆయనే గుడ్డసంచీ కుట్టి తొడిగాడు. అదేంటని ఎవరైనా అడిగితే టిఫిన్ డబ్బా అంటాడు.

ఆ దారి అందరిదని తేల్చమని అర్జీ పెట్టాం. విచారణ సెప్టెంబరులో, ఊరి హాల్లోనే అన్నారు. ఇక మాకు నిలకడ లేదు. గ్లిన్ సాయంత్రమయ్యేసరికి సైకిలెక్కి ఎటో వెళ్ళిపోయేవాడు. ఒకరోజు అడవి అంచున, ఒకరోజు వాగు వెంబడి, కొండెక్కే ఇంకో దారి కోసం వెతికి, ముళ్ళు గీరుకున్న చేతులతో తిరిగొచ్చేవాడు. దొరికిందా అని నేను అడిగేదాన్ని కాదు. సైకిలు గోడకి ఆనించే తీరులోనే తెలిసిపోయేది. నేను స్కోన్లు మాడ్చడం మొదలుపెట్టాను.

మే నెలలో ఒక శనివారం మిస్ గిటిన్స్ తన గుర్రాన్ని షాపు గుమ్మానికే కట్టేసి లోపలికి వచ్చింది. లాంగ్ హోలోకి ఆనుకుని ఉన్న పచ్చిక వాలు ఆమెది. పెళ్ళి చేసుకోలేదు, ఊళ్ళో ఎవరినీ లెక్కచేయలేదు. జాక్ ప్రీస్ తండ్రికీ ఆమె తండ్రికీ ఒక పొట్టేలు దగ్గర తగువు వచ్చిందట. అప్పటినుంచి ఆ కుటుంబం లాంగ్ హోలోలో కాలు పెట్టలేదు. ఆమె వాలు అంచున గేటుకి ఎప్పుడూ తాళమే, పక్కనే 'ప్రైవేటు' అని బోర్డు.

ఎవరో సైకిలు కుర్రాడు గంట కొట్టకుండా, నోరు తెరిచి చెప్పకుండా వెనక నుంచి వచ్చాడట. గుర్రం బెదిరి ఆమెని కంచెలో పడేసింది.

"మీ వాళ్ళకి గంటలు అమ్మవయ్యా గ్లిన్. కొనకపోతే మెళ్ళో కట్టు," అంది.

"ఆవులకి కట్టినట్టా?"

"ఆవులకి బుద్ధుంటుంది."

మా తరఫున సాక్ష్యం చెబుతారా అని గ్లిన్ అడిగాడు. తనెప్పుడూ అటు వెళ్ళలేదని, వెళ్ళానని చెబితే తండ్రి సమాధిలోంచి లేచి వస్తాడని చెప్పి, కేకు ముక్క ఒకటి కాగితంలో చుట్టించుకుని వెళ్ళిపోయింది.

జూన్‌లో ఒకరోజు షాపు గ్లిన్‌కి వదిలేసి నేను నార్మన్‌తో బయల్దేరాను. కొండకి అవతలి పక్కనుంచి చుట్టు దారి ఒకటి ఉందని ఆయన అన్నాడు. పటంలో ఆ బాట ఒక పాల రైతు వాకిట్లోంచే పోతుంది, పచ్చ గీత స్పష్టంగా ఉంది. అయినా వాకిలి ముందు నార్మన్ సైకిలు దిగాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. తలుపు తట్టాడు. మేం ఇటు వెళ్ళొచ్చా అని అడిగాడు. ఆ రైతు, సగం నమిలిన టోస్టు నోట్లో ఉండగానే తలూపాడు.

ఇక్కడ మనకి హక్కుంది కదా, అడగడం దేనికన్నాను.

"హక్కుంటే మాత్రం? ఒకరి వాకిట్లోంచి పోతూ ఒక మాట అనకుండా పోతామా పిల్లా?"

గ్లిన్ చెప్పిన మూడో షరతు నాకు గుర్తొచ్చింది.

"జాక్ ప్రీస్‌ని కూడా అడిగేవారా?"

"అడక్కుండా ఎలా? ఏటా కొత్త సంవత్సరం పొద్దున్నే వెళ్ళేవాణ్ణి. ఈ ఏడు కూడా మేం రావచ్చా జాక్, అనేవాణ్ణి. గొర్రెలు ఈనే రోజుల్లో మెల్లగా పొండి, అనేవాడు. అడవి పళ్ళు ఊరేసి ఆయన చేసిన జిన్ చెరో గుక్క తాగేవాళ్ళం. మంచి మనిషి."

"మేం అంటే ఎవరు?"

"అందరమూ," అన్నాడు నార్మన్, నా ప్రశ్న వింతగా ఉన్నట్టు చూస్తూ.

చుట్టు దారి ఒక బురద గుంటలో అంతమైంది. తిరిగి వస్తున్నంతసేపూ ఆయన జాక్ కబుర్లు చెబుతూనే ఉన్నాడు. యాభై ఏళ్ళ తొక్కుడు ఒక్క గుక్క జిన్‌లో కొట్టుకుపోయిందని ఆయనకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. గ్లిన్‌కి చెప్పాను.

ఆ సాయంత్రం టీ దగ్గర గ్లిన్ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"నాన్నా, జాక్‌ని అడిగేవాణ్ణన్న మాట విచారణలో అనొద్దు."

"అబద్ధం చెప్పమంటావా?"

"వద్దు. అడగంది చెప్పొద్దు, అంతే."

నార్మన్ టోస్టుకి వెన్న రాస్తున్నాడు. నాలుగు అంచుల దాకా, ఎక్కడా ఖాళీ వదలకుండా రాశాడు. రాయడం అయ్యాక కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"అడగంది చెప్పను," అన్నాడు.

జులై, ఆగస్టు నెలలు ముళ్ళ మీద గడిచాయి. క్వారీ రోడ్డు మీద వచ్చిన ఒకమ్మాయికి లారీ అద్దం తగిలి మెడ కింద ఎముక విరిగింది. మర్నాడు మా పాత ఆదివారం గుంపులో ఒకడు ఇంత పొడవు కట్టరు పట్టుకొచ్చాడు, గొలుసు తెంపేస్తానని. గ్లిన్ గేటు దాకా వాడి వెంట పరిగెత్తి ఆ కట్టరు లాక్కున్నాడు. గొలుసు తెగితే అది బలవంతం, మనమే ఓడిపోతామని చెప్పాడు. తిరిగొచ్చి దాన్ని షాపులో మూల పడేసి చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాడు. తెంపాలని ఆ లోయలో అందరికన్నా ఎక్కువగా ఉన్నది తనకే.

విచారణ రోజున హాలంతా ఉల్లిపాయల వాసన. ముందురోజే అక్కడ కూరగాయల పోటీ జరిగింది. ప్రభుత్వం పంపిన అధికారి ఒక్కడే బల్ల వెనక కూర్చున్నాడు. కాల్వర్ట్ తరఫున లండన్ నుంచి ఒక లాయరమ్మ వచ్చింది. చిన్న గొంతు, సన్న నవ్వు. మా సాక్షుల్ని ఒక్కొక్కరినే అడిగింది. ఎవరితో కలిసి వెళ్ళేవారు? నార్మన్‌తో. మొదటిసారి ఎవరు తీసుకెళ్ళారు? నార్మన్. అందరూ గర్వంగానే చెప్పారు. ఆమె ఎటు నడిపిస్తోందో నాకూ గ్లిన్‌కీ తప్ప ఎవరికీ తెలియదు. చివరి వరసలో మిస్ గిటిన్స్ కోటు విప్పకుండా కూర్చుని ఉంది.

నార్మన్ టై కట్టుకుని వచ్చాడు. అధికారి అడిగిన వాటికి పొందిగ్గా జవాబు చెప్పాడు. ఏ ఏడు మొదలుపెట్టాడు, వర్షమొస్తే ఏం చేసేవాడు, ఎంతమంది వచ్చేవారు. అడిగినంతే చెప్పాడు. బల్ల కింద గ్లిన్ చెయ్యి నా చేతిని వదిలింది. గండం గడిచిందనుకున్నాం.

లాయరమ్మ లేచింది.

"మిస్టర్ బెబ్, జాక్ ప్రీస్ ఇంటి కిటికీకి ఎదురుగానే ఆ గేటు. ఆయన పొలం. ఆయన గొర్రెలు. మీరు ఇంతమందిని వెంటేసుకుని వచ్చి, ఆయనతో మాటా పలుకూ లేకుండా గేటు తీసుకుని వెళ్ళిపోయేవారన్నమాట. అంతేనా?"

అంతే అంటే చాలు. ఒక్క మాట. నార్మన్ మెడ దగ్గర నుంచి ఎరుపు పైకి పాకడం నేను చూశాను. యాభై ఏళ్ళు ఈ కొండల మీద గుమ్మం గుమ్మానికీ టోపీ తీసిన మనిషిని, నిండు హాల్లో, తెలిసినవాళ్ళందరి ముందు, మర్యాద లేనివాడివి కదూ అని అడిగింది ఆమె.

"మాటా పలుకూ లేకుండా ఎందుకు పోతామమ్మా," అన్నాడు నార్మన్. "అడిగేవాణ్ణి. ఏటా అడిగేవాణ్ణి. మా అందరి తరఫునా."

"ఆయన సరేననేవారా?"

"ఎప్పుడూ కాదనలేదు."

లాయరమ్మ థాంక్స్ చెప్పి కూర్చుంది. ఇంకేమీ అడగలేదు. అధికారి ఏదో రాసుకున్నాడు. నార్మన్ వచ్చి మా పక్కన కూర్చుంటే గ్లిన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

అక్టోబరులో తీర్పు వచ్చింది. లాంగ్ హోలో కాల్వర్ట్‌ది, ఇన్నాళ్ళూ జనం వెళ్ళింది పాత యజమాని దయ మీద. గ్లిన్ టెల్ఫర్డ్ గోడౌన్‌లో చేరాడు. చీకటితో వ్యానెక్కి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. తండ్రితో మాట్లాడటం మానేశాడు. ఉప్పు కావాలన్నా ఇద్దరూ నన్నే అడిగేవాళ్ళు. షాపులో సగం నేను నడుపుతున్నాను, సగం దుమ్ము పడుతోంది.

నార్మన్ రెండు వారాలు ఇంట్లోంచి కదల్లేదు. తర్వాత ఒక మంగళవారం టై తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టాడు. ఎక్కడికని అడిగాను. మిస్ గిటిన్స్ దగ్గరికట. ఆమె వాలు మీదుగా వెళ్తే కింది పచ్చ గీతా పై పచ్చ గీతా కలుస్తాయి, నేల గట్టిది, లాంగ్ హోలో అంత నిటారు కాదు కూడా. వెళ్ళి సరిగ్గా అడుగుతానన్నాడు. చెడగొట్టింది నేనే కాబట్టి బాగుచేయాల్సిందీ నేనేనన్నాడు.

ఆదివారం వెళ్దురుగాని అని ఆయన్ని ఆపాను. ఎందుకు ఆపానో నాకే తెలియదు. ఆమె కాదంటే ఆ మనిషి తట్టుకోలేడనిపించింది.

కానీ మా ఊళ్ళో ఇస్త్రీపెట్టె వేడెక్కేలోపే కబురు పాకుతుంది. మర్నాడే మిస్ గిటిన్స్ షాపుకి వచ్చింది. గుర్రం లేదు. కూర్చోలేదు.

"మీ మామ మా ఇంటికి వస్తాడటగా."

"అవునండీ. మిమ్మల్ని అడగాలని..."

"రానివ్వకు."

నా మొహం చూసి ఆమె కొంచెం దగ్గరికి జరిగింది.

"ఆ హాల్లో నేనూ ఉన్నాను కదా, విన్నాను. అతను వచ్చి అడిగితే నేను జవాబు చెప్పాలి. సరేనన్నా చెడుతుంది, కాదన్నా చెడుతుంది. అందుకని అడగకూడదు. అర్థమైందా నీకు?"

అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. ఆమె ఆ క్షణం ఆగి, కేకుల అద్దాల పెట్టెలోకి చూస్తూ మాట్లాడింది.

"నా గేటు తాళం తుప్పుపట్టి ఊడిపోయింది. బాగుచేయించే ఓపిక లేదు. బోర్డు రంగు వెలిసిపోయిందని తీసి కొట్టంలో పడేశాను. మళ్ళీ ఎప్పుడు పెడతానో తెలీదు. ముసలిదాన్ని, ఎటు ఎవరు పోతున్నారో నాకు కనబడదు."

"మిస్ గిటిన్స్, మీ మేలు..."

"నేనేమన్నాను ఇప్పుడు? వాతావరణం గురించి మాట్లాడుకున్నాం. నాకు సైకిళ్ళంటే పడదు. ఆ కాల్వర్ట్‌గారి కోళ్ళంటే అంతకన్నా పడదు. ఆ గింజల కేకు ఒక ముక్క చుట్టు."

ఆ రాత్రి భోజనం దగ్గర జరిగిందంతా ఇద్దరికీ చెప్పాను. గ్లిన్ తన కంచం తీసుకెళ్ళి కడగడం మొదలుపెట్టాడు. నార్మన్ మాత్రం చాలాసేపు వాదించాడు. ఒకరి పొలంలోంచి చెప్పకుండా పోవడం దొంగతనమన్నాడు. కనీసం ఒక సీసా జిన్ అయినా పంపుదామన్నాడు. అదే చేయకూడదని చెప్పాను. అయితే నాకీ సైకిలే వద్దన్నాడు.

ఆదివారం పొద్దున మంచు కురిసి ఆగింది. నేను సైకిలు బయటికి తీసేసరికి నార్మన్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు, టై లేకుండా. మేం రోడ్డెక్కుతుంటే వెనక ఇంకో చైను చప్పుడు వినిపించింది. గ్లిన్. గోడౌన్ బూట్లు వేసుకునే వచ్చాడు. మమ్మల్ని దాటలేదు, తండ్రి వెనక చక్రం వెనకాలే ఉన్నాడు.

వాలు అంచున గేటుకి తాళం లేదు. గేటు గుంజ మీద బోర్డు ఉన్నచోట నాలుగు మేకు రంధ్రాలున్నాయి. గేటు పక్కనే మిస్ గిటిన్స్ నిలబడి కంచె మీద పెరిగిన కొమ్మలు నరుకుతోంది. దాక్కోలేదు, తప్పుకోలేదు. కత్తి ఎత్తి దించి, కొమ్మ వంచి, మళ్ళీ ఎత్తుతోంది. ఆమెకీ మాకూ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం.

నేను గేటు తీసి పట్టుకున్నాను. నార్మన్ చక్రం గేటులోకి వచ్చి ఆగింది. కాలు నేల మీదికి జారింది. చెయ్యి హెల్మెట్ వైపు లేచింది. ఆయన నోరు తెరవడం నేను చూశాను. ఆమె వీపు బిగుసుకోవడమూ చూశాను. కత్తి గాలిలో ఆగింది.

"నాన్నా," అన్నాడు గ్లిన్ వెనకనుంచి, మెల్లగా. "పోనీ."

సెప్టెంబరు తర్వాత తండ్రితో అతనన్న మొదటి మాట అది.

నార్మన్ చెయ్యి దించాడు. పెడల్ మీద కాలు పెట్టాడు. జీవితంలో మొదటిసారి, పక్కింటి మనిషి పక్కనుంచి, తల తిప్పకుండా, పలకరించకుండా, ఒక అనాగరికుడిలా తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. వెనకాల కత్తి మళ్ళీ కొమ్మ మీద పడిన చప్పుడు వినిపించింది.

పైన పచ్చ గీత మొదలయ్యేచోట ముగ్గురం దిగాం. కింద లోయంతా మంచులో మునిగి ఉంది. నార్మన్ మొహం ఇంకా ఎర్రగానే ఉంది, ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు. చాలాసేపు ఊపిరి తీసుకున్నాక అడిగాడు.

"ఎన్నేళ్ళు ఇలా పోవాలి?"

"ఇరవై," అన్నాడు గ్లిన్.

నార్మన్ ముందున్న దిబ్బలకేసి చూశాడు, వేల్స్ దాకా. తర్వాత వంగి బొటనవేలితో తన వెనక టైరు నొక్కి చూశాడు.

"అయితే దీంట్లో కాస్త గాలి కొట్టు," అన్నాడు కొడుకుతో.